తవ్వెడు జొన్నల వార్త

మా అవ్వ భద్రమ్మకు చేతులు రెండూ ఎప్పుడూ ఖాళీ ఉండేవి కావు. చెవులు రెండూ ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి. ఎడమ చేతిలో గొర్రె ఉన్ని, కుడి చేతిలో కదురు. దారం సన్నమవుతోందో లావవుతోందో వేళ్లే చూసుకునేవి, కళ్లకు ఆ పని లేదు. కాబట్టి చెవులు ఊరంతా తిరిగి వచ్చేవి. ఏ ఇంట్లో కూర మాడిందో ఊళ్లో అందరికీ ముక్కుతో తెలిస్తే మా అవ్వకు చెవితో తెలిసేది. "వెంకటనర్సు పెండ్లాం గంటెతోని గీకుతాంది. అడుగంటినట్టుంది" అనేది.

మాది దేవరకొండకు ఆరు కోసుల దూరంలో, రేలగుట్ట కింద ఉన్న పల్లె. మేం కురుమలం. మగవాళ్లు గొర్లు కాసేవారు, గొంగళ్లు నేసేవారు. ఆడవాళ్లు ఉన్ని వడికేవారు. మా తాత పోయాక మంద మా బాపు దుర్గయ్య చేతికి వచ్చింది, మిగిలినవన్నీ అవ్వ చేతికి వచ్చాయి. ఆ మిగిలినవాటిలో నేనూ ఒకదాన్ని. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఆరోదానికి దేవరకొండ పోవాలి. అవ్వ పోనివ్వలేదు.

"సదివినకాడికి సాలు అండాలు. ఇగ పొద్దుమీకి నా పక్కన కూసోని, రేడియోల ఏం చెప్తాండో నాకు ఇప్పి చెప్పు" అంది.

అట్లా నా చదువు రేడియో పాలయింది.

రేడియో మా ఊరికి అరవై ఒకటిలో వచ్చింది. పంచాయతీ కచేరీలో ఒక చెక్క పెట్టెలో పెట్టి తాళం వేశారు. కప్పు మీద మూతి వెడల్పుగా ఉన్న గొట్టం ఒకటి బిగించారు. తాళపు చెవి గుమాస్తా వెంకటనర్సు జంధ్యానికి వేలాడేది. ఆయన నేతగాళ్ల ఇంట పుట్టి, మగ్గం గుంటలోంచి లేచి కుర్చీ ఎక్కినవాడు. పెట్టె తాళం తీసేటప్పుడు గుడి తలుపు తీస్తున్నంత నెమ్మదిగా తీసేవాడు. మొదటి నెల ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. రెండో నెల పాటలప్పుడు వచ్చి, వార్తలప్పుడు లేచిపోవడం మొదలుపెట్టింది. మూడో నెలకు వార్తలప్పుడు మిగిలింది మా అవ్వ, అవ్వ పక్కన నేను, పెట్టెకు తాళం వేయాలి కాబట్టి వెంకటనర్సు.

వార్తలు చదివే ఆయనది పుస్తకాల భాష. అవ్వకు సగం అందేది కాదు. నాకూ అందేది కాదు గానీ ఆ సంగతి నేను బయటపెట్టలేదు. 'ప్రతినిధి వర్గం' అంటే ఏందే అని అడిగితే, పెండ్లికి పోయే బలగం అని చెప్పాను. ఆ ఏడాది ఢిల్లీకి ఎన్ని దేశాల నుంచి ఎన్ని ప్రతినిధి వర్గాలు వచ్చాయో లెక్కలేదు. "ఢిల్లీల ఎంతమంది పిల్లలున్నరే, రోజుకొక పెండ్లి" అని అవ్వ ఆశ్చర్యపోయేది. వెంకటనర్సు మీసం కింద నవ్వుకునేవాడు గానీ నన్ను పట్టివ్వలేదు.

మాటలు అందినా అందకపోయినా, రేడియో అంటే ఏమిటన్న దాని మీద అవ్వకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. అది అర్థం కావాలంటే మా ఊరి మారయ్య గురించి చెప్పాలి.

మారయ్య ఊళ్లో చాటింపు వేసే మనిషి. చెరువు తూము ఎప్పుడు తీస్తారు, ఎవరి బర్రె తప్పిపోయింది, బోనాలు ఏ రోజు, అన్నీ ఆయన డప్పు మీద నాలుగు దెబ్బలు కొట్టి ఊరి నాలుగు మూలలా చెప్పాల్సిందే. దానికి ఒక పద్ధతి ఉండేది. మాట ఎవరిదో వాళ్లే వచ్చి మారయ్య ఎదుట నిలబడి చెప్పాలి. ఒకరి మాట ఇంకొకరు మోసుకొస్తే ఆయన వినడు. చెప్పాక తవ్వ కొలతతో నిండుగా తవ్వెడు జొన్నలు ఆయన కండువాలో పోయాలి. కండువాలో గింజలు పడ్డాయంటే ఆ మాట చాటి తీరాలి. గింజలు వెనక్కి ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ తప్పే. మాట నచ్చకపోతే మారయ్య అసలు కండువా పట్టడు. ఒకసారి పటేలు తన అల్లుడు వచ్చాడని ఊరంతా చాటమన్నాడట. మారయ్య కండువా మడిచి భుజాన వేసుకుని, "అల్లుడొచ్చిండు దొరా, మంచిదే. ఇగ ఊరేం చెయ్యాలె?" అన్నాడట. పటేలుకు జవాబు దొరకలేదట.

మా అవ్వ లెక్కలో వార్తలు చదివే ఆయన పట్నంలో ఉండే మారయ్య. ఆయనకు పేరు కూడా అదే పెట్టింది, రేడియో మారయ్య.

ఇక గుట్ట సంగతి. రేడియో వచ్చిన ఏడే రేలగుట్టను ఒక కంట్రాక్టరు కూపు పాడుకున్నాడు. అంటే గుట్ట మీది చెట్లు నరికించి, అక్కడికక్కడే బొగ్గు చేయించి, పట్నానికి తోలుకునే హక్కు ఆయనదన్నమాట. చండ్ర, సోమి, తునికి, రేల, ఏదీ వదల్లేదు. కొట్టిన కట్టెలు పేర్చి మట్టి కప్పి నిప్పు పెడితే బట్టీలు రోజుల తరబడి పొగ కక్కేవి. మిట్టమధ్యాహ్నం లారీ వచ్చి బొగ్గు సంచులు ఎక్కించుకుని పోయేది. చూస్తుండగానే గుట్ట ఉత్తరం వైపు నున్నగా బోడయింది.

గుట్టకు రెండు దొనలుండేవి. దొన అంటే రాతిలో సహజంగా పడ్డ గుంట, అందులో పైవాలు నుంచి ఊట దిగి నీళ్లు నిలిచేవి. ఉత్తరం వైపు చెట్లు పోయాక వచ్చిన వానలకు మట్టి కొట్టుకొచ్చి ఆ వైపు దొన సగం పూడింది, మాఘం వచ్చేసరికి ఎండింది. ఇక మిగిలింది మా వైపుది, మేకల దొన. ఎండాకాలంలో మా మందకే కాదు, చుట్టుపక్కల పది ఊళ్ల మందలకు ఆ నీళ్లే దిక్కు. ఆ దొన పైనున్న వాలు మీదికి గొడ్డలి వస్తోందని అరవై రెండు ఎండాకాలంలో తెలిసింది.

అవ్వ కదురు పట్టుకునే గుట్ట ఎక్కి, కంట్రాక్టరు మనిషి మేస్త్రి భిక్షపతిని అడిగింది.

"ఏం బిడ్డా, గీ వాలు జర ఇడిసిపెట్టరాదు. గా చెట్లున్నన్ని దినాలే గీ నీళ్లు."

"నా చేతుల ఏమున్నదవ్వా, పైనుంచి ఆర్డరున్నది."

"పైనుంచా? గుట్ట పైన నేను సూసొచ్చిన. ఆడ ఎవ్వలు లేరు."

భిక్షపతికి నవ్వొచ్చింది గానీ గొడ్డళ్లు ఆగలేదు. అప్పటికి కింది వరుస కొట్టేశారు. పై వాలుకు ఇంకా నెల పట్టేట్టు ఉంది.

అవ్వ మాత్రం పెద్దగా ఫికర్ పడలేదు. గుట్టంత గుట్ట పోతుంటే రేడియో మారయ్య చెప్పకుండా ఉంటాడా, చెప్తే పెద్దోళ్లు వినకుండా ఉంటారా అన్నది ఆమె ధీమా. రోజూ పొద్దుమీకి, దీపాల వేళకు పోయి కూర్చునేది. రోజూ ఆయన ఇంకేవో చెప్పేవాడు. ఎక్కడో మీసాల పోటీ జరిగిందన్నాడు. ఎవరో సినిమా నటి కారుకు గులాబీ రంగు వేయించుకుందన్నాడు. ఇంకో ఊళ్లో ఒకాయన కూర్చున్నచోటనే వంద మిరపకాయ బజ్జీలు తిన్నాడన్నాడు. అవ్వ అన్నింటికీ తల ఊపింది. "కానీ, కానీ, మనది అఖర్ల చెప్తడు" అనేది. ఆఖరుకు వాతావరణం వచ్చేది.

ఒక సాయంత్రం, సముద్రాల అవతల ఏదో దేశంలో ఒక దొరసాని పెంచుకుంటున్న కుక్కకు జలుబు చేసిందని, ముగ్గురు వైద్యులు వచ్చి చూశారని, ప్రస్తుతం అది కులాసాగా ఉందని చెప్పాడు.

అవ్వ కదురు ఆగింది. నేను పుట్టాక అది అట్లా మధ్యలో ఆగడం చూడలేదు.

"ఏమన్నడే?"

"కుక్కకు పడిశం పట్టిందట."

"ఎవల కుక్కకు?"

"ఒక దొరసాని కుక్కకు. మన దిక్కు కాదు, సముద్రం అవతల."

"ఇప్పుడెట్లున్నదట?"

"మంచిగనే ఉన్నదట."

అవ్వ కదురును ఒళ్లో పెట్టుకుని గొట్టం వైపు చూసింది. "మంచిగుంటె ఇగ ఊరేం చెయ్యాలె?" అంది.

గొట్టానికి జవాబు దొరకలేదు.

ఇంటికి పోయే దారిలో అవ్వ ఒక నిర్ణయానికి వచ్చింది. తప్పు రేడియో మారయ్యది కాదు. గుట్ట మాట ఎవరూ పోయి ఆయన ఎదుట నిలబడి చెప్పలేదు. కుక్క తాలూకు వాళ్లు పోయి చెప్పుకున్నారు, ఆయన చాటాడు. మర్నాడు వెంకటనర్సు ఆ మాట విని, "గంత దూరం ఎందుకవ్వా, కార్డు ముక్క రాస్తే పోతది. అండాలుకు రాసుడొచ్చు గద" అన్నాడు.

"కార్డంటె నా మాట ఇంకొకడు మోస్కపోవుడే గదా. మన మారయ్యనే ఒప్పుకోడు. పట్నం మారయ్య ఒప్పుకుంటడా?"

మారయ్యను కూడా అడిగి చూసింది. ఆయన వేప పుల్ల నములుతూ ఆలోచించాడు.

"పోవుడు మంచిదే అక్కా. గని గాయనది పెద్ద జాగ. దేశమంత సాటుతడు. తవ్వెడు సాలుతయా?"

"దేశం ఎంత పెద్దగున్నా నోరొక్కటే గద మారయ్యా. తవ్వెడే."

మా బాపు వద్దని చెప్పాలని నోరు తెరిచాడు, అవ్వ వైపు చూసి ఆవులించి మూసుకున్నాడు. అట్లా నేనూ అవ్వా తవ్వెడు పచ్చజొన్నలు మూట కట్టుకుని పట్నం బస్సెక్కాం. బస్సులోనూ అవ్వ ఉన్ని వడికింది. మాల్ ఊరు దాటేసరికి దారం ముందు సీటాయన గొడుగుకు చుట్టుకుంది. ఆయన దిగే చోట గొడుగు తీసుకుంటే అవ్వ కూడా లేచింది. ఇద్దరినీ విడదీసేదాకా కండక్టరు బస్సును ఆపి ఉంచాల్సి వచ్చింది.

రేడియో స్టేషన్ గేటు దగ్గర జవాను ఎవరు కావాలని అడిగాడు.

"సాటింపాయన" అంది అవ్వ.

జవానుకు తెలిసిన ఉద్యోగాల్లో అది లేదు. వార్తలు చదివే ఆయన అని నేను విప్పి చెప్పాను. ఈసారి సరిగ్గానే చెప్పాను. లోపల పని జరుగుతోంది, కూర్చోమన్నాడు. మెట్ల మీద కూర్చున్నాం. అవ్వ కదురు తీసింది. లోపలికి పోయేవాళ్లు, బయటికి వచ్చేవాళ్లు ఆగి చూశారు. చూసినవాళ్లు లోపలికి పోయి ఇంకొకరికి చెప్పినట్టున్నారు, వాళ్లూ వచ్చి చూశారు. రెండు గంటలు గడిచాక ఒకాయన వచ్చి మమ్మల్ని లోపలికి పిలిచాడు.

వార్తలు చదివే ఆయన సన్నగా, పొట్టిగా, కళ్లద్దాలతో ఉన్నాడు. ఎండాకాలంలో మెడకు మఫ్లర్ చుట్టుకుని వేడి నీళ్లు తాగుతున్నాడు. అవ్వ నా వైపు తిరిగి, ఆయనకు వినపడదన్నట్టు, గది అంతా వినపడేట్టు అడిగింది.

"గీనేనే? గొంతు గంతున్నది, మనిషి గింతేనా?"

ఆయన నవ్వబోయి దగ్గాడు.

"నీక్కూడ పడిశమేనా బిడ్డా? గా కుక్కది అంటుకున్నట్టుంది" అంది అవ్వ.

ఆ తర్వాత ఆమె పద్ధతి ప్రకారం ఆయన ఎదుట నిటారుగా నిలబడింది. రేలగుట్ట అని మొదలుపెట్టి, ఒక వైపు దొన ఎట్లా ఎండిందీ, రెండో వైపు వాలు మీదికి గొడ్డలి ఎట్లా వస్తోందీ, ఎన్ని ఊళ్ల మందలు ఆ నీళ్ల మీద ఆధారపడ్డాయీ, ఏదీ వదలకుండా చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. గుట్ట పేరు రెండుసార్లు అడిగి కాగితం మీద రాసుకున్నాడు. అవ్వకు అది బాగా నచ్చింది.

"ఇగ కండువా పట్టు" అంది.

ఆయనకు కండువా లేదు. ఏం పట్టాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే, అవ్వే ఆయన మెడలోని మఫ్లర్ విప్పి రెండు చేతుల మీదా పరిచి మూట దులిపేసింది. జొన్నలు పడ్డాయి. కొన్ని కింద దొర్లాయి. అవి నేను ఏరాను.

ఆయన ఆ జొన్నలు పట్టుకుని నిలబడి, అప్పుడు మెల్లగా చెప్పాడు.

"అవ్వా, మీరు పొరపడ్డారు. నాకు ఏ కాగితం ఇస్తే అది చదువుతాను. నా అంతట నేను ఒక్క మాట కలపడానికి లేదు."

"కుక్క ముచ్చట గూడ కాగితంలదేనా?"

"కాగితంలోదే."

"నీకు నచ్చకుంటె?"

"నచ్చడంతో పని లేదవ్వా. చదవాలి."

అవ్వకు కోపం రాలేదు. కూలికి పోయిన పిల్లవాడిని చూసినట్టు చూసింది. "మా మారయ్య నయం బిడ్డా. కండువా మడిచి భుజాన ఏసుకుంటడు" అంది.

ఆయన జొన్నలు తిరిగి ఇవ్వబోయాడు. అవ్వ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. పడ్డ గింజలు వెనక్కి రావు. చివరికి ఆయన, ఈ సంగతి పైవాళ్లకు చెప్తాను, వాళ్లు ఏమంటారో చూద్దాం అన్నాడు. మేం బయటికి వచ్చేటప్పటికి ఆయన మఫ్లర్‌ను జొన్నలతో సహా మూట కట్టడానికి తంటాలు పడుతున్నాడు.

ఇంటికి వచ్చిన రోజు నుంచి అవ్వ ఊరంతా తిరిగి, రేడియోలో గుట్ట మాట వస్తుందని చెప్పింది. ఊరు మళ్లీ పాటలు అయిపోయాక కూడా కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక రోజు రాలేదు, రెండో రోజు రాలేదు. నాలుగో రోజు, వార్తలన్నీ అయిపోయి, ఇక వెంకటనర్సు తాళం చెవి కోసం జంధ్యం వెతుక్కుంటుండగా వచ్చింది.

"నల్లగొండ జిల్లా రేలగుట్ట నుంచి డెబ్బై ఏళ్ల వృద్ధురాలొకరు ఇటీవల మా కార్యాలయానికి విచ్చేసి, వార్తలు చదివే వారికి తవ్వెడు జొన్నలు బహూకరించారు. ఆమె బస్సులోనూ, మా మెట్ల మీదా కూడా ఉన్ని వడుకుతూనే ఉండటం చూపరులకు వినోదం కలిగించింది. వార్తలు ఇంతటితో సమాప్తం."

ఊరు ఒక్కసారిగా లేచింది. ఈలలు వేశారు. వెంకటనర్సు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఎందుకు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. మా బాపు కళ్లు తుడుచుకున్నాడు. అవ్వ ఒక్కతే కదలకుండా గొట్టం వైపు చూస్తూ కూర్చుంది.

"తర్వాత?" అంది.

"ఒడిసింది అవ్వా."

"గుట్ట ముచ్చట?"

"అది లేదు."

"దొన?"

"లేదు. జొన్నలున్నయి, ఉన్ని ఉన్నది, నువ్వున్నవు."

అవ్వ కదురు చేతిలోకి తీసుకుని, "నన్ను సాటిన్రు. నా మాట సాటలె" అంది. తర్వాత ఇంకొంచెం ఆలోచించి, "అంటె నేనూ గా కుక్కా ఒక్కటే" అంది.

"కుక్క కులాసగున్నదట. నువ్వెట్లున్నవు అవ్వా?" అని అడిగాను. కదురు కర్ర నా నెత్తి మీద పడింది. అయితే ఆ దెబ్బలో ఎప్పటి బలం లేదు. అది చూసి నాకు భయం వేసింది. రెండు రోజులు అవ్వ రేడియో దగ్గరికి పోలేదు. గోడకు ఆనుకుని గుట్ట వైపు చూస్తూ వడికింది. గొడ్డళ్ల చప్పుడు మా వాకిట్లోకి వినపడుతోంది. ఆ చెవులకు అది ఇంకెంత దగ్గరగా వినపడిందో.

మూడో రోజు నుంచి జనం రావడం మొదలయింది. పక్క ఊళ్ల నుంచి, దేవరకొండ నుంచి కూడా, రేడియోలో వచ్చిన జొన్నల అవ్వను చూడటానికి వచ్చారు. కొందరు ఆమె వడుకుతుంటే ఎదురుగా కూర్చుని, రేడియో వింటున్నట్టు విన్నారు. ఒకామె కొడుకు పెండ్లి పత్రికను అవ్వ చేతికి తాకించి పోయింది. అవ్వ మొదట విసుక్కుంది. తర్వాత కదురు తిప్పుతూనే, వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగసాగింది.

"రేడియోల ఇన్నరా?"

"ఇన్నమవ్వా."

"మంచిగిన్నరా?"

"మంచిగిన్నం."

ఆ సాయంత్రం నన్ను పిలిచింది. "అండాలు, తవ్వ దియ్యి. గంతమంది చెవులు తెరుసుకొని కూసున్నరు. సగమే పడ్డది. కడమ సగం మారయ్యతోని ఏపిస్త."

మారయ్య ఎదుట నిలబడి అవ్వ మొత్తం మాట మళ్లీ చెప్పింది. పట్నంలో చెప్పినదానికన్నా బాగా చెప్పింది, అప్పటికి అలవాటయింది కదా. మారయ్య కండువా పట్టడానికి ముందు ఒకటే అడిగాడు.

"మాట మంచిదే అక్కా. ఇగ ఊరేం చెయ్యాలె?"

పటేలుకు దొరకని జవాబు అవ్వ దగ్గర ఉంది. అది ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పే రకం జవాబు. మారయ్య విన్నాడు, నవ్వాడు, కండువా పరిచాడు.

దేవరకొండ అంగడి నాడు, గొర్లు అమ్మేచోట మారయ్య డప్పు మోగింది. పద్ధతి ప్రకారం అవ్వ పక్కనే నిలబడింది. అవ్వను చూసి జనం మూగారు.

"ఇనుండ్రో. రేడియోల సగమే చెప్పిన్రు. కడమ సగం ఇగో. జొన్నలు ఎందుకు పట్కపోయిందో గది చెప్పలే. మేకల దొన పైన వాలు కొడుతున్నరు. వాలు పోతె ఊట పోతది. గా నీళ్లు తాగిన మందలున్నోళ్లందరు, ఎల్లుండి సంది పొద్దు నెత్తి మీదికొచ్చే యాళ్లకు మందలు తోలుకొని దొన కాడికి రావాలె. మీరేం చెయ్యొద్దు. గొర్లే చేస్తయి."

గొర్లు ఏం చేస్తాయో గొర్లు కాసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గొర్రెలు నీళ్లు తాగి, ఒకదాని కడుపు కిందికి ఒకటి తలలు దూర్చి, గుమిగూడి నిలబడిపోతాయి. పొద్దు తిరిగేదాకా కర్రతో కొట్టినా, కుక్కను వదిలినా కదలవు. పట్నం నుంచి పొద్దున్నే బయల్దేరినా లారీ వచ్చేది సరిగ్గా ఆ వేళకే, దొన పక్కనున్న ఆ ఒక్క బాట మీదనే.

మొదటి రోజు పదకొండు మందలు వచ్చాయి. బాట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉన్ని పరిచినట్టయింది. లారీ వచ్చి హారన్ కొట్టింది. ఒక్క తల కూడా పైకి లేవలేదు. మేస్త్రి భిక్షపతి దిగి వచ్చాడు.

"ఎవరివయ్యా గీ గొర్లు? జరపుండ్రి."

"మీరే జరపుండ్రి మేస్త్రీ" అన్నాడు మా బాపు. "మా మాట ఇంటలేవు."

"ఎప్పుడు లేస్తయి?"

"పైనుంచి ఆర్డరు రావాలె" అంది అవ్వ, పొద్దు వైపు చూపించి.

పొద్దు తిరిగాక గొర్రెలు వాటంతట అవే లేచి మేతకు పోయాయి. కానీ అప్పటికి లారీ డ్రైవరు చీకటి పడేలోగా పట్నం చేరాలని ఖాళీగా తిరిగిపోయాడు. రెండో రోజూ అంతే. పదమూడు రోజులు అంతే, బొగ్గు సంచులు గుట్ట మీదే పేరుకున్నాయి. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. గొర్లు కాసేవాళ్లు చెట్ల నీడన కూర్చుని సద్దులు తిన్నారు, భిక్షపతికి కూడా పెట్టారు. జొన్నల అవ్వ రోజూ అక్కడే ఉందని తెలిసి, చూసిపోయే జనం కూడా గుట్టకే వచ్చారు. చూసిపోయేవాళ్లకు అవ్వ ముందు ఎండిన దొన చూపించి, తర్వాత నీళ్లున్న దొన చూపించేది.

పద్నాలుగో రోజు లారీ రాలేదు. కూలీలు గొడ్డళ్లు సర్దుకున్నారు. భిక్షపతి అవ్వ దగ్గరికి వచ్చి, "మా దొర గీ వాలు ఇడిసిపెడుతుండవ్వా. వేరే గుట్ట సూసుకున్నడు" అన్నాడు. వేరే గుట్ట ఏదో, దాని కింద మా అవ్వలాంటి మనిషి ఎవరైనా ఉందో లేదో ఆయన చెప్పలేదు. అవ్వ అడిగింది. తెలియదన్నాడు. ఆ పూట అందరూ సంబరపడుతుంటే అవ్వ సద్ది సరిగా తినలేదు.

రేలగుట్ట ఇప్పటికీ అట్లాగే ఉంది. గుండు చేయించి పిలక వదిలినట్టు ఒక వాలు మీదే చెట్లున్నాయి. ఆ పిలక కిందనే దొన. ఆ ఎండాకాలం రోహిణి కార్తెలో కూడా గొర్రెపిల్ల మోకాలు మునిగేన్ని నీళ్లు నిలిచాయి.

ఈ ముచ్చట రేడియోలో రాలేదు. రాదని అవ్వకు తెలుసు, అయినా పొద్దుమీకి పోయి కూర్చోవడం మానలేదు. రేడియో మారయ్య మీద ఆమెకు కోపం కూడా లేదు. ఎందుకంటే ఆ రోజు వార్తలో 'నల్లగొండ జిల్లా' దాకానే కాగితంలో ఉందని, 'రేలగుట్ట' అన్నది ఆయన సొంతంగా కలిపాడని ఆమె నమ్మకం.

"గా మాట ముందల జర ఆగిండు. నువ్వినలే, నేనిన్న. ఒక్క మాటనన్న కలిపిండు పాపం."

అది కూడా కాగితంలోదే అయ్యుంటుందని నేను అన్నాను. కాదంది. చెవుల విషయంలో అవ్వతో వాదించి గెలిచినవాళ్లు మా ఊళ్లో లేరు.

ఆ వానాకాలం అవ్వ మెత్తని గొర్రెపిల్లల ఉన్ని ఏరి వడికి, మా బాపుతో జానెడు వెడల్పున ఒక సన్న గొంగడి నేయించింది. పట్నం పోయేవాళ్ల చేతికి ఇచ్చి, వార్తలు చదివే ఆయన మెడకు చుట్టుకోమని చెప్పించింది.

"ఎందుకవ్వా, గాయన మన మాట సదవనే లేదు గద?" అన్నాను.

"గొంతు మంచిగుండాలె గదనే. ఎన్నడన్న మంచి కాగితం ఇస్తే ఎట్ల సదువుతడు మరి?"

గొంగడి అందిందని నెల తర్వాత ఒక కార్డు వచ్చింది. ఆ కుక్క పడిశంలా వార్తల్లోకి మాత్రం ఎక్కలేదు. అదొక్కటి మంచిదయింది.